జన్యువు ఒకటే, మీట వేరు: చేపల బీజకోశాలలో వర్ధకాల పాత్ర

గంజాం తీరంలోని రామయ్యపట్నం తెలుగు జాలరుల ఊరు. ఒడియావారు వీరిని నోలియాలంటారు. చేప పొట్ట చీరినప్పుడు జన కనిపిస్తే ఆడదనీ, తెల్లగా పాలలాంటి ద్రవం కారితే మగదనీ అక్కడి చిన్నపిల్లలు సైతం చెప్పగలరు. ఒకే తల్లి పెట్టిన గుడ్లనుంచి వచ్చిన రెండు పిల్లలలో ఒకటి జన మోసేదిగా, రెండవది పాలు పోసేదిగా ఎందుకు తయారవుతుంది అన్న ప్రశ్నకు మాత్రం సమాధానం అంత తేలిక కాదు. "జన్యువుల వల్ల" అని పాఠ్యపుస్తకాలు చెప్తాయి. ఆ జవాబు తప్పు కాదుగాని, అది సగమే. ఆడదానిలోనూ మగదానిలోనూ జన్యువులు దాదాపు ఒకటే. వాటిలో ఏది, ఏ కణంలో, ఏ వేళకు, ఎంత గట్టిగా పనిచెయ్యాలో నిర్ణయించే డి.ఎన్.ఏ. ముక్కలు వేరే ఉన్నాయి. ఇంగ్లీషులో వీటిని ఎన్‌హాన్సర్లు అంటారు. ఈ వ్యాసంలో వీటికి వర్ధకాలు అన్న మాట వాడుతున్నాను.

వర్ధకాలు చేపల సంతానోత్పత్తిని ఎలా నడుపుతాయో వివరించటం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు ప్రపంచంలో దొరికిన మంచి ఉదాహరణలలో ఒకటి మన తూర్పు తీరపు ఉప్పుటేళ్లలో బతికే ఒక చిన్న చేప కావటం విశేషం. దాని దగ్గరకు వెళ్లేముందు వర్ధకం అంటే ఏమిటో తెలుసుకోవాలి.

వర్ధకం అంటే ఏమిటి?

జీవి శరీరంలోని ప్రతి కణంలోనూ, కొద్ది మినహాయింపులతో, ఒకే డి.ఎన్.ఏ. ఉంటుంది. నాలుగు రసాయనాలు నాలుగు అక్షరాలుగా వరుసకట్టిన పొడవాటి దారం అది. ఆ దారంలో ఒక ప్రొటీను తయారీకి కావలసిన సమాచారం ఉన్న భాగాన్ని జన్యువు అంటాం. జన్యువు పనిచెయ్యటమంటే, దాని నకలు ఆర్.ఎన్.ఏ. రూపంలో తయారై, ఆ నకలును బట్టి ప్రొటీను పుట్టటం. చేప కండలో కండ ప్రొటీనులూ, కంటిలో కంటి ప్రొటీనులూ తయారవుతున్నాయంటే, ఒక్కొక్క చోట కొన్ని జన్యువులు పనిచేస్తూ మిగిలినవి మూసుకుని ఉన్నాయన్నమాట.

జన్యువు మొదట్లో, నకలు ఎత్తటం మొదలయ్యే చోట, ఒక చిన్న భాగం ఉంటుంది. దీన్ని ఆరంభస్థానం అందాం. నకలు ఎత్తే ఎంజైము వచ్చి కూర్చునేది ఇక్కడే. ఆరంభస్థానం లేకపోతే జన్యువు అసలు పనిచెయ్యదు. అయితే ఆరంభస్థానం ఒక్కటే ఉంటే పని నామమాత్రంగా సాగుతుంది. 1981లో జూరిచ్‌లో వాల్టర్ షాఫ్నర్ బృందం చేసిన ప్రయోగం ఈ సంగతిని వెల్లడించింది. వారు ఎస్.వి.40 అనే వైరస్‌లోని ఒక చిన్న డి.ఎన్.ఏ. ముక్కను కుందేలు గ్లోబిన్ జన్యువు ఉన్న దారంలో అతికించి, దాన్ని పెంపకంలో ఉన్న మానవ కణాలలోకి పంపారు. జన్యువు పని సుమారు 200 రెట్లు పెరిగింది. అంతకన్నా ఆశ్చర్యం, ఆ ముక్కను జన్యువుకు ముందు పెట్టినా, వెనక పెట్టినా, వెయ్యి అక్షరాలకు మించిన దూరంలో పెట్టినా, తలకిందులుగా తిప్పి పెట్టినా పనిచేసింది. వర్ధకం అనే భావన ఇలా స్థిరపడింది.

భాషాశాస్త్రం తెలిసినవారికి దీన్ని ఒక పోలికతో చెప్పవచ్చు. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర కూర్చుంటుంది. దాని స్థానం దాదాపు స్థిరం. కాని విభక్తులు తగిలిన మాటలకు ఆ నిర్బంధం లేదు. "పొద్దున్నే మొగలో వలతో చేపలు పట్టారు" అన్నా, "వలతో చేపలు మొగలో పొద్దున్నే పట్టారు" అన్నా పట్టిన పని అదే, పట్టిన చోటూ వేళా అవే. ఆరంభస్థానం క్రియలాంటిది, దాని చోటు మారితే వాక్యం చెడుతుంది. వర్ధకం "మొగలో", "పొద్దున్నే" అన్న మాటలలాంటిది. పని ఎక్కడ జరగాలో, ఎప్పుడు జరగాలో చెప్తుంది, తాను మాత్రం వాక్యంలో ఎక్కడైనా ఉండగలదు.

అంత దూరంనుంచి వర్ధకం జన్యువును ఎలా అందుకుంటుంది? డి.ఎన్.ఏ. దారం కణకేంద్రంలో సాఫుగా పరిచి ఉండదు. మడతలు మడతలుగా ఉంటుంది. వర్ధకంలో కొన్ని పొట్టి అక్షరక్రమాలు ఉంటాయి. కణంలోని కొన్ని ప్రొటీనులు ఆ క్రమాలను గుర్తుపట్టి అతుక్కుంటాయి. వీటిని నియంత్రక ప్రొటీనులు అనవచ్చు. ఇవి అతుక్కున్న తర్వాత దారం వంగి, వర్ధకమూ ఆరంభస్థానమూ దగ్గరకు చేరతాయి. దారం చుట్టుకుని ఉన్న ప్రొటీను ఉండలు సడలుతాయి. నకలు ఎత్తే ఎంజైముకు దారి దొరుకుతుంది. ఒక కణంలో ఏయే నియంత్రక ప్రొటీనులు ఉన్నాయన్నదాన్ని బట్టి ఆ కణంలో ఏ వర్ధకాలు మేలుకుంటాయో తేలుతుంది. అందుచేతనే ఒకే జన్యువు మెదడులో ఒక వర్ధకం వల్లా, బీజకోశంలో ఇంకో వర్ధకం వల్లా పనిచెయ్యవచ్చు. దీనికి వ్యతిరేకంగా, జన్యువును అణచిపెట్టే ముక్కలు కూడా ఉన్నాయి. ఈ రెండు రకాలనూ కలిపి మీటలు అనుకుంటే మన పనికి చాలు.

బీజకణాలు, వాటిని సాకే కణాలు

చేప పిండంలో చాలా తొలిదశలోనే కొద్దిపాటి కణాలు మిగిలినవాటినుంచి వేరుపడతాయి. ఇవి ఆదిబీజకణాలు. ఇవి పుట్టినచోట ఉండవు. పిండం లోపల ప్రయాణం చేసి, బీజకోశం ఏర్పడబోయే చోటికి చేరతాయి. అక్కడ వీటిచుట్టూ సాకే కణాలు చేరతాయి. తర్వాతి కాలంలో ఆ బీజకోశం అండాశయమైతే ఆదిబీజకణాలు అండాలవుతాయి, వృషణమైతే శుక్రకణాలవుతాయి.

ఈ ప్రయాణాన్ని కంటితో చూడటానికి వీలు కల్పించినది వాసా అనే జన్యువు తాలూకు మీట. వాసా జన్యువు బీజకణాలలో పనిచేస్తుంది. జపాను పరిశోధకులు మెడాకా చేపలోని వాసా జన్యువు నియంత్రణ భాగాన్ని తీసుకుని, దానికి వాసా జన్యువు బదులు ఆకుపచ్చగా మెరిసే ఒక ప్రొటీను జన్యువును తగిలించారు. 2001లో ప్రకటించిన ఈ పనిలో, అలా మార్చిన చేపల శరీరంలో బీజకణాలు మాత్రమే ఆకుపచ్చగా మెరిశాయి. మెరుపుప్రొటీను మెడాకాది కాదు. ఏ కణంలో మెరవాలో చెప్పినది మీట. జన్యువు ఏమిటన్నది ఒక సంగతి, దాన్ని నడిపేది ఏమిటన్నది మరో సంగతి అనటానికి ఇంతకంటే తేటైన నిదర్శనం అక్కరలేదు.

మీటలను పరీక్షించే పద్ధతి ఈనాటికీ ఇదే. అనుమానించిన డి.ఎన్.ఏ. ముక్కను మెరుపుజన్యువుకు తగిలించి, ఒక్క కణం దశలో ఉన్న చేపగుడ్డులోకి సన్నని సూదితో ఎక్కిస్తారు. పిండం ఎదిగినకొద్దీ ఎక్కడ వెలుగు కనిపిస్తే అక్కడ ఆ ముక్క పనిచేస్తున్నట్టు. చేపగుడ్డు తల్లి శరీరం బయట పెరుగుతుంది, చాలా చేపలలో పారదర్శకంగా ఉంటుంది. అందువల్ల ఈ పరీక్షకు చేపలు బాగా అనువు. అయితే వెలుగు వచ్చినంతమాత్రాన ఆ ముక్క చేపకు అవసరమని రుజువు కాదు. చేపలోనుంచి ఆ ముక్కను తీసేసినప్పుడు ఏం చెడుతుందో కూడా చూడాలి. డి.ఎన్.ఏ.ను కోరినచోట కత్తిరించే పద్ధతులు వచ్చాక ఈ రెండవ పరీక్ష సులువైంది.

ముగ్గురు అక్కచెల్లెళ్లు

మెడాకా జపాను వరిచేలలో బతికే చేప. ఇది చేరిన ప్రజాతి పేరు ఒరైజియాస్; వరికి లాటిన్‌లో ఉన్న ఒరైజా అనే మాటనుంచి వచ్చింది. కాబట్టి ఈ కుటుంబాన్ని వరిచేపలు అనటం సమంజసం. ఈ ఆడచేపలు పెట్టిన గుడ్లు వెంటనే జారిపోవు. సన్నని పోగులతో గుత్తిగా పొట్టకింద కొంతసేపు వేలాడుతూ ఉంటాయి.

ఈ కుటుంబంలో మగతనాన్ని నిర్ణయించే జన్యువులను ఒక్కొక్కటిగా గుర్తిస్తూ వచ్చినప్పుడు అనూహ్యమైన సంగతులు బయటపడ్డాయి. మెడాకాలో, మనుషులలో లాగానే, మగవాటికి ఎక్స్, వై క్రోమోసోములూ ఆడవాటికి రెండు ఎక్స్ క్రోమోసోములూ ఉంటాయి. 2002లో దాని వై క్రోమోసోముపై డి.ఎం.వై. అనే జన్యువు మగతనానికి కారణమని తేలింది. స్తన్యజంతువులకు వెలుపల, వెన్నెముక గల జీవులలో ఇలాంటి జన్యువు దొరకటం అదే మొదలు. ఇది డి.ఎం.ఆర్.టి.1 అనే పాత జన్యువుకు నకలు. నకలు ఎలా అసలుకు భిన్నంగా ప్రవర్తించింది? 2010లో వెలువడిన పరిశోధన దీనికి సమాధానమిచ్చింది. డి.ఎన్.ఏ.లో ఒకచోటనుంచి మరోచోటికి దూకే స్వభావమున్న ముక్కలు కొన్ని ఉంటాయి. అలాంటి ముక్క ఒకటి ఈ నకలు జన్యువు ముందు చొరబడి, తనతో కొత్త మీటను తెచ్చింది. పరిశోధకులు దానికి జపాను పురాణాలలోని సృష్టికర్త ఇజనాగి పేరు పెట్టారు. ఆ మీటకు మాతృజన్యువు ప్రొటీనూ, ఈ జన్యువు సొంత ప్రొటీనూ అతుక్కుని, దీని పనిని తగినవేళకు తగ్గిస్తాయి.

ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవిలో ఉండే మరో వరిచేప దీనికి దగ్గరి బంధువు. దానిలో డి.ఎం.వై. లేనే లేదు. 2012లో దాని మగతనానికి కారణం జి.ఎస్.డి.ఎఫ్. అనే జన్యువు అని కనుక్కున్నారు. ఇది బీజకణాలను సాకే కణాలు విడుదలచేసే ఒక ప్రొటీను జన్యువు. ఎక్స్ క్రోమోసోము మీద ఉన్న ప్రతీ, వై క్రోమోసోము మీద ఉన్న ప్రతీ తయారుచేసే ప్రొటీను ఒక్కటే. ఒక్క అమైనో ఆమ్లం కూడా తేడా లేదు. తేడా అంతా నియంత్రణలో ఉంది. బీజకోశం రూపుదిద్దుకునే వేళ వై ప్రతి ఎక్కువగా పనిచేస్తుంది, పిల్ల మగదవుతుంది.

మూడవ చెల్లెలు మనది. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో అచ్చువేసిన గంగానది చేపల గ్రంథంలో దీన్ని మొదటిసారి వర్ణించాడు. శాస్త్రీయనామం ఒరైజియాస్ డాన్సెనా. బొటనవేలి పొడవు కూడా ఉండని ఈ చేప ఉప్పునీరూ మంచినీరూ కలిసేచోట బతుకుతుంది. భారత తూర్పు తీరం దాని నివాసప్రాంతం. ఇచ్ఛాపురం మీదుగా వచ్చే బాహుదా నది సముద్రంలో కలిసే గంజాం తీరం కూడా ఆ పరిధిలోదే. సంతలో దీనికి వెల లేదు. పరిశోధకులకు మాత్రం ఇది అమూల్యమైంది.

2014లో జపాను శాస్త్రజ్ఞులు ఈ చేపలో మగతనాన్ని నిర్ణయించే చోటును పట్టుకున్నారు. అక్కడ దొరికిన జన్యువు సాక్స్3. ఇది వెన్నెముక గల జంతువులన్నిటిలోనూ ఉన్న పాత జన్యువు. నాడీమండలం ఏర్పడటంలో దీనికి ముఖ్యమైన పని ఉంది. ఈ చేపలో ఎక్స్ క్రోమోసోము మీదా ఉంది, వై క్రోమోసోము మీదా ఉంది. మరి మగతనం ఎక్కడనుంచి వచ్చింది? వై క్రోమోసోము మీద, సాక్స్3కు ఇరుగుపొరుగున, ఒక నియంత్రక భాగం ఉంది. బీజకోశం ఏర్పడే సమయంలో ఆ భాగం సాక్స్3ను అక్కడ ఎక్కువగా పనిచేయిస్తుంది. సాక్స్3 ప్రొటీను పోయి జి.ఎస్.డి.ఎఫ్. జన్యువును హెచ్చిస్తుంది. అంటే లూజాన్ చేపలో అధికారం చేసిన జన్యువే ఇక్కడ కిందిమెట్టులో సేవకురాలిగా ఉంది. ఆ తర్వాత వృషణం తయారవుతుంది.

ఇది ఊహ కాదనటానికి రెండు పరీక్షలు చేశారు. వై క్రోమోసోములోని సాక్స్3 భాగాన్ని రెండు ఎక్స్‌లు ఉన్న పిండంలోకి ఎక్కిస్తే ఆడది కావలసిన చేప మగదయింది. ఎక్స్, వై రెండూ ఉన్న చేపలో వై ప్రతి సాక్స్3ను చెడగొడితే మగది కావలసిన చేప ఆడదయింది.

మనుషులలోనూ ఇతర స్తన్యజంతువులలోనూ మగతనాన్ని మొదలుపెట్టే ఎస్.ఆర్.వై. జన్యువు 1990లో దొరికింది. అది కూడా సాక్స్3నుంచే పుట్టిందని జన్యుశాస్త్రజ్ఞుల అభిప్రాయం. కోట్ల సంవత్సరాల ఎడంలో, ఒకదానికొకటి సంబంధం లేకుండా, ఉప్పుటేటి చేపా స్తన్యజంతువూ ఒకే పాత పనిముట్టును ఒకే కొత్త పనికి తీసుకున్నాయి. ఎలుకలలో ఇంకో నిదర్శనం ఉంది. సాక్స్9 అనే జన్యువుకు 5 లక్షలకు పైగా అక్షరాల దూరంలో, కేవలం 557 అక్షరాల పొడవున్న ఒక వర్ధకం ఉంది. 2018లో ఆ ముక్కను మాత్రమే తీసేసినప్పుడు వై క్రోమోసోము ఉన్న ఎలుకలు ఆడవిగా పెరిగాయి. జన్యువును ఎవరూ ముట్టుకోలేదు.

ఇక్కడ ఒక వివరం గమనించాలి. డాన్సెనాలో ఈ జన్యువులు నడిపేది బీజకోశం గతిని. బీజకోశంలో సాకే కణాలు ఏ దారి పడితే, వాటి మధ్యనున్న బీజకణాలు సాధారణంగా ఆ దారినే పోతాయి. అయితే బీజకణాలు పూర్తిగా పరాధీనాలు కావు. మెడాకా బీజకణాలలోనే పనిచేసే ఫాక్స్‌ఎల్3 అనే జన్యువు ఉంది. 2015లో దాన్ని తీసేసిన ఆడచేపలలో, అండాశయం అండాశయంగానే ఉండగా, దానిలోపల శుక్రకణాలు పుట్టాయి. అండమా శుక్రకణమా అన్న ప్రశ్నకు బీజకణం తనలోపల కూడా ఒక మీట పెట్టుకుందన్నమాట.

మీటను నొక్కేవి: హార్మోను, వేడిమి, విషం

బీజకోశం తయారైన తర్వాత కూడా మీటల పని అయిపోదు. ప్రతి ఏటా జన నిండటం, పండటం, గుడ్లు విడుదల కావటం ఇవన్నీ మీటల వరుస ప్రకారమే సాగుతాయి. రోహు, కట్ల వంటి చేపలు నిలవనీటి చెరువులలో పెరుగుతాయిగాని గుడ్లు పెట్టవు. వరదనీటి గుర్తులు అందనిదే వాటి పీయూష గ్రంథి కావలసిన హార్మోనును విడుదల చెయ్యదు. అందువల్ల ఒకప్పుడు చేపపిల్లలను నదులలోనుంచి ఏరి తెచ్చుకోవలసి వచ్చేది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలీకున్హి పీయూష గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి ఈ జాతి చేపలచేత గుడ్లు పెట్టించారు. ఆ రోజును ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుతున్నారు. కొల్లేరు ప్రాంతంలో చేపల చెరువుల విస్తరణ వెనుక ఈ సూదిమందు ఉంది.

ఆ మందు చేసిన పని ఏమిటో తర్వాతి పరిశోధన వివరించింది. అండం పెరిగే దశలో దాని చుట్టూ ఉన్న కణాలలో ఆరోమటేజ్ అనే ఎంజైము జన్యువు పనిచేస్తూ ఈస్ట్రోజెన్ హార్మోనును తయారుచేస్తుంది. ఆ ఈస్ట్రోజెన్ రక్తంలో కాలేయానికి పోయి, అక్కడి కణాలలో తనకు తగిన గ్రాహక ప్రొటీనును పట్టుకుంటుంది. ఆ జంట డి.ఎన్.ఏ. మీద తనకు నియమితమైన చోట అతుక్కుని, పచ్చసొనకు మూలమైన వైటెలోజెనిన్ ప్రొటీను జన్యువును మేల్కొలుపుతుంది. ఆ ప్రొటీను తిరిగి రక్తంలో జనకు చేరుతుంది. అండం పండగానే పీయూష గ్రంథి హార్మోను పెరిగి, ఆరోమటేజ్ తగ్గి, వేరే ఎంజైము హెచ్చుతుంది. దానినుంచి అండాన్ని పక్వం చేసే ఇంకో హార్మోను వస్తుంది. ఆ హార్మోనును 1985లో జపానులో సాల్మన్ జాతి చేపలో గుర్తించారు. అంటే 1957నాటి సూదిమందు చేపలో కొత్తదేదీ పెట్టలేదు. చేపలో సిద్ధంగా ఉండి, సంకేతంకోసం ఎదురుచూస్తున్న మీటలను నొక్కింది.

వేడిమి కూడా మీటలను కదిలిస్తుంది. డి.ఎన్.ఏ. అక్షరాలకు మిథైల్ అనే చిన్న రసాయన గుంపు అంటుకుంటే, మీటకు మూత పెట్టినట్టవుతుంది. పిల్లదశలో వేడినీటిలో పెరిగిన ఐరోపా సముద్రపు పండుగప్ప జాతి చేపలలో ఆరోమటేజ్ జన్యువు ఆరంభస్థానానికి ఇలాంటి మూతలు హెచ్చయ్యాయని 2011లో తేలింది. ఆరోమటేజ్ లేకపోతే అండాశయం నిలబడదు. అందువల్ల మగవి ఎక్కువయ్యాయి. మన పండుగప్ప సంగతి ఇంకా చిత్రం. అది సాధారణంగా మొదట మగదిగా పరిపక్వమై, కొన్ని సంవత్సరాల తర్వాత ఆడదిగా మారుతుంది. ఒకే చేప, ఒకే డి.ఎన్.ఏ., రెండు జీవితాలు. దాని మగ, ఆడ బీజకోశాలలో డి.ఎం.ఆర్.టి.1, ఆరోమటేజ్ జన్యువుల మీద ఈ మూతలు భిన్నంగా ఉన్నాయని 2018లో ప్రకటించారు.

మూడవది విషం. ఈస్ట్రోజెన్ గ్రాహకం తాళమైతే, ఈస్ట్రోజెన్ దానికి తాళంచెవి. అయితే ఈ తాళం దొంగచెవులకు కూడా తెరుచుకుంటుంది. గర్భనిరోధక మాత్రలలోని కృత్రిమ ఈస్ట్రోజెన్ మురుగునీటి ద్వారా ఏళ్లలో కలుస్తుంది. దీని ఫలితం చూడటానికి కెనడాలో ఒంటారియో వాయవ్యభాగంలోని ఒక ప్రయోగ సరస్సులో 2001నుంచి 2003వరకు మూడు వేసవులు ఆ రసాయనాన్ని కలిపారు. లీటరు నీటికి 5, 6 నానోగ్రాములు మాత్రమే. ఒక నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్లవ వంతు. మగచేపల శరీరంలో పచ్చసొన ప్రొటీను తయారుకావటం మొదలైంది. మగవాటిలోనూ ఆ జన్యువు ఉంది, మీట ఉంది. నొక్కే చెయ్యి లేక ఊరుకుంది. వాటి వృషణాల ఎదుగుదల దెబ్బతిన్నది. ఫాట్‌హెడ్ మిన్నో అనే చిన్నచేప ఆ సరస్సులో దాదాపు అంతరించే స్థితికి చేరింది. ఈ ఫలితాలను 2007లో ప్రకటించారు.

ఈ విషయం మనకెందుకు?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15నుంచి జూన్ 14వరకు యాంత్రిక పడవలకు వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలంలో తల్లిచేపలను వలనుంచి కాపాడటం దాని ఉద్దేశం. ఆ నియమం వలను ఆపగలదు. మురుగునీటిలో వచ్చే రసాయనాన్ని ఆపలేదు, వేడెక్కుతున్న నీటిని ఆపలేదు. మీటలు చెడిన చేప పైకి మామూలుగానే కనిపిస్తుంది. వలలో పడినప్పుడు తూకం తగ్గదు. తర్వాతి తరం పిల్లలు పుట్టనప్పుడు గాని నష్టం తెలియదు. అప్పటికి ఆ నష్టం జాలరి ఇంటికి చేరిపోతుంది. కడలి కోతకు ఇళ్లు పోగొట్టుకున్న రామయ్యపట్నంవంటి ఊళ్లకు ఇది కంటికి కనిపించని రెండవ కోత అవుతుంది. కెనడా సరస్సులో జరిగినది మన ఏళ్లలో జరుగుతున్నదని నేను అనటం లేదు. అలాంటిది జరిగితే ముందు ఎక్కడ చూడాలో మాత్రం ఇప్పుడు తెలుసు. మగచేప రక్తంలో పచ్చసొన ప్రొటీను ఉన్నదా లేదా అన్న పరీక్ష చాలు. ఉప్పుటేటిలోని వెలలేని చిన్నచేపలు అలాంటి పరీక్షకు సరైన సాక్షులు.

చేపల పెంపకంలో కూడా ఈ జ్ఞానానికి ఉపయోగం ఉంది. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి మత్స్యపరిశోధన సంస్థలో రోహు శుక్రమూలకణాలమీద పని జరుగుతున్నది. ఆ కణాలలో సాక్స్2 జన్యువు పనిచేస్తున్నదని అక్కడి పరిశోధకులు 2015లో ప్రకటించారు. ఏ జన్యువు ఏ మీటతో బీజకణాలలో నడుస్తుందో తెలిస్తే మంచి జాతి చేపల బీజకణాలను గుర్తించటం, భద్రపరచటం, వేరే చేప శరీరంలో పెంచటం వీలవుతుంది. జపానులో 2004నాటికే ఒక సాల్మన్ చేప శరీరంలో ట్రౌట్ చేప బీజకణాలను పెట్టి ట్రౌట్ పిల్లలను పుట్టించారు. ఆ బీజకణాలను గుర్తించటానికి వాడినది మనం పైన చెప్పుకున్న వాసా జన్యువు మీటే.

ఒక హెచ్చరిక కూడా అవసరం. వర్ధకం ఒంటరిగా ఏదీ నిర్ణయించదు. దానికి నియంత్రక ప్రొటీనులు కావాలి, తెరిచి ఉన్న దారం కావాలి, తగిన వేళ కావాలి. మగతనానికి ఒకే మీట అన్ని చేపలలో ఉందనుకోవటం కూడా పొరపాటే. ముగ్గురు అక్కచెల్లెళ్లే మూడు దారులు తొక్కినప్పుడు, ఒక చేపలో తేలిన సంగతిని మరో చేపకు పరీక్ష లేకుండా అంటగట్టరాదు.

మాటల సంగతి

పారిభాషిక పదాల గురించి ఒకటి రెండు మాటలు చెప్పటం ఈ పత్రికలో అప్రస్తుతం కాదనుకుంటాను. ఎన్‌హాన్సర్‌కు వర్ధకం అన్న మాట తేలికగా సరిపోతుంది. ప్రొమోటర్‌కు ప్రవర్ధకం అంటే మాత్రం రెండూ చెవికి ఒకటిగా వినిపించి చదివేవారిని తికమకపెడతాయి. దానికి ఆరంభస్థానం అంటే దాని పనీ, చోటూ రెండూ తెలుస్తాయి. మీట అన్న మాట రెండింటికీ పైన ఉండే సామాన్యపదంగా పనికివస్తుంది. కొత్త మాట కట్టటం కన్నా, ఉన్న మాట కొత్త పనికి ఒదుగుతుందేమో చూడటం మేలు. వై క్రోమోసోము సాక్స్3 విషయంలో చేసినదీ అదే.

ఈ తీరానికి ఇది కొత్త సంప్రదాయం కాదు. పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలూ వర్ణనలూ 1803లో గ్రంథంగా వెలువడ్డాయి. ఆ చేపలకు అతను స్థానికులు చెప్పిన తెలుగు పేర్లు రాసుకున్నాడు. హామిల్టన్ కూడా 1822నాటి గ్రంథంలో రోహిత, కట్ల అన్న దేశీ పేర్లనే శాస్త్రీయనామాలుగా చేశాడు. ఈనాడు ప్రపంచంలోని ప్రయోగశాలలలో పెరుగుతున్న జీబ్రాచేప కూడా ఆ గ్రంథంలోనే తొలిసారి కనిపించింది. ఈ చేపలనూ వాటి పేర్లనూ ఈ నేలనుంచే శాస్త్రం తీసుకుంది. ఆ చేపలలో ఈ రెండు వందల ఏళ్లకు తెలిసివచ్చిన సంగతులు జాలరి పిల్లలకు వారి మాటలో అందటం న్యాయం. గంజాం జిల్లా 1936వరకు మద్రాసు రాజధానిలో ఉండేది. ఆనాటి గంజాంలోని పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులు వాడుకభాషలో చదువు చెప్పాలని పోరాడారు. రామయ్యపట్నం పిల్లవాడు బడిలో ఒడియాలో చదువుకుంటాడు, ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. జన, మొగ, ఉప్పుటేరు అన్న మాటలు వాడికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ మాటల పక్కన వర్ధకం అన్న ఒక్క మాట చేరిస్తే, తన తండ్రి వలలో పడిన చేప ఆడదెందుకయిందో, మగదెందుకయిందో వాడు తెలుగులో చెప్పగలుగుతాడు.